గోడపత్రిక కింద జానెడు కాగితం

మన బడుల్లో చాలాచోట్ల గోడపత్రిక ఉంది. చార్టు మీద ఒక కథ, రెండు కవితలు, ఒక బొమ్మ. అతికించిన రోజు పిల్లలు గుమిగూడతారు. వారం తిరిగేసరికి ఎవరూ అటు చూడరు. రాసిన బిడ్డకు తన రాత ఎవరైనా చదివారో లేదో తెలియదు. చదివినవాళ్లకు ఏమనిపించిందో చెప్పే దారి లేదు. ప్రతి రచన కింద జానెడు తెల్లకాగితం అంటించి, దారంతో ఒక పెన్సిలు వేలాడదీస్తే చాలు, ఆ దారి ఏర్పడుతుంది.

పాఠకుల చేత రాయించడం తెలుగు పత్రికలకు కొత్త కాదు. 1947లో మద్రాసులో మొదలైన 'చందమామ'లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలకు నప్పే నాలుగు మాటల కోసం నా చిన్నతనంలో ఇంటిల్లిపాదీ తల పట్టుకునేవాళ్లం.

ఇప్పుడు మన పిల్లలు తెలుగు మాట్లాడేది ఇంట్లో, రాసేది పరీక్షలో. బయట బళ్లారిలో కన్నడం, షోలాపూరులో మరాఠీ, బరంపురంలో ఒడియా. మా హోసూరు వైపు చెప్పనే అక్కర్లేదు. 2006 చట్టంతో తమిళం ఏటా ఒక్కో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ వచ్చింది. మార్కుల కోసం కాకుండా ఇంకో మనిషి కోసం తెలుగు రాసే అవసరం మన పిల్లలకు ఎక్కడ వస్తోంది?

కాగితం పెట్టిన మొదటి నెలలోనే నేను తప్పు చేశాను. ఆరో తరగతి అమ్మాయి ఒకతె, వాళ్ల అవ్వ చెనిక్కాయలు ఒలుస్తూ చెప్పిన సంగతి రాసింది. 'మా అవ్వ కూడా ఇట్లే చెప్తుంది' అని కింద ఇంకో పిల్లవాడు రాశాడు. నేను ఎర్రపెన్ను తీసి 'చెనిక్కాయలు' కొట్టేసి 'వేరుశనగ కాయలు' అని, 'ఇట్లే' కొట్టేసి 'ఇలాగే' అని దిద్దాను. ఆ తర్వాత రెండు వారాలు కాగితాలన్నీ ఖాళీ. బీఎడ్‌లో తప్పులు దిద్దడం నేర్పారు గానీ, ఎక్కడ దిద్దకూడదో నేర్పలేదు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజును ఆగస్టు 29న జరుపుకుంటాం. ఆ మర్నాడే పిల్లల వాడుకమాటను కొట్టేస్తాం!

అయితే ఆ కాగితాన్ని గాలికి వదిలెయ్యమని కాదు. పేరు లేకుండా ఎవరూ రాయకూడదు. రూపం మీద, కులం మీద, ఇంటి సంగతుల మీద ఎగతాళి కనబడితే టీచరు అప్పుడే తీసెయ్యాలి, రాసినవాడిని పక్కకు పిలిచి మాట్లాడాలి. ఉత్త 'బాగుంది' కన్నా ఒక ప్రశ్న మేలు. 'ఆ కుక్క మళ్లీ వచ్చిందా?' అని అడిగితే రాసిన బిడ్డ జవాబు రాయక తప్పదు. అక్కడ మళ్లీ రెండు వాక్యాల తెలుగు.

అమ్మానాన్నలకు ఒక మాట. మీలో చాలామంది స్థానిక భాషలో చదువుకున్నారు, తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. అందుకు వెనకాడకండి. మీరు చెప్పండి, మీ బిడ్డ రాస్తుంది. పోయిన నెల మీటింగుకు వచ్చిన ఒక తల్లి కూతురి చేత కథ చదివించుకుని, "అంతా రాసినావు, అవ్వ పేరు ఏదే?" అంది. ఆ పిల్ల అక్కడే పెన్సిలు అందుకుంది.