గౌరవ వేతనం వద్దనండి, హక్కు అడగండి

ఫెడరేషన్ ఆఫ్ తెలుగు చర్చెస్ పెద్దలకు,

ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం 2019 ఎన్నికల హామీగా మొదలైంది. 2024లో ప్రభుత్వం మారింది, పథకం మాత్రం మారలేదు. ఏ విషయంలోనూ పొసగని రెండు పార్టీలు ఈ ఒక్కదాన్ని మోస్తున్నాయంటే కారణం ఊహించడం కష్టం కాదు: పాస్టరు చేతిలో డబ్బు పెడితే సంఘం ఓట్లు వెంట వస్తాయని రెండిటికీ నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేయగలిగింది మీరే. ఈ వేతనం మాకు వద్దని సభ్య సంఘాలన్నిటి తరఫున తీర్మానించండి. దాని బదులు దళిత క్రైస్తవులకు రావలసిన హక్కును అడగండి.

ఆ హక్కు ఎక్కడ ఆగిపోయిందో మీకు తెలియనిది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తీశారు. క్రైస్తవులకు, ముస్లింలకు నేటికీ తీయలేదు. మతం మారిన మాల మాదిగలు మన రాష్ట్రాల్లో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. కులం పేరుతో దాడి జరిగినా అట్రాసిటీ చట్టం రక్షణ ఉండదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసిన అట్రాసిటీ కేసు ఒక పాస్టరు ఫిర్యాదు మీద పెట్టినదే. క్రైస్తవుడు కాబట్టి ఎస్సీ హోదా వర్తించదన్నది కారణం. పాస్టరుకు నెలనెలా గౌరవం పేరిట డబ్బిచ్చే రాష్ట్రంలోనే, అవమానం జరిగిందని ఆయన కోర్టుకు వెళ్తే ఆ చట్టం ఆయనకు వర్తించదన్న జవాబే వస్తోంది. 2023 మార్చిలో శాసనసభ దళిత క్రైస్తవులకు అనుకూలంగా తీర్మానం చేసింది, నిజమే. కానీ మార్పు చేయాల్సింది పార్లమెంటు. తీర్మానానికి చేతులెత్తిన పార్టీలు ఢిల్లీలో ఏం చేశాయని అడగాలంటే, అడిగేవాళ్ల చెయ్యి వాళ్ల ముందు చాచి ఉండకూడదు.

దయను వదులుకుని హక్కును పట్టుకోవడం భారతీయ క్రైస్తవులకు కొత్త కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టం వారికి ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. డోర్నకల్ బిషప్ అజరయ్య ఆ ఏర్పాటునే వ్యతిరేకించారు. సంఘం రాజకీయ వర్గంగా మారితే సంఘంగా మిగలదన్నది ఆయన వాదన. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ స్వయంగా క్రైస్తవుడు. మైనారిటీలకు చట్టసభల్లో ప్రత్యేక స్థానాలు వద్దన్న నిర్ణయానికి 1949లో మద్దతుగా నిలిచారు. అదే సభలో, మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ విషయంలో మాత్రం క్రైస్తవ సభ్యులు వెనక్కి తగ్గలేదు. ఆ స్వేచ్ఛ 25వ అధికరణంలో నిలిచింది. సీట్లు వదులుకున్నవారి మాటకు బరువుంది.

మూడు అభ్యంతరాలు వస్తాయి. ఇమాములకు 10,000, మౌజన్లకు 5,000 ఇస్తున్నప్పుడు మనమెందుకు వదులుకోవాలన్నది మొదటిది. చట్టం ముందు సమానత్వం అడిగితే అది న్యాయమే. అయితే తీసుకునే అర్హత ఉందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, తీసుకున్నాక ఏం మాట్లాడగలమన్నది ప్రశ్న. ఇతరుల నిర్ణయం ఇతరులది. రెండోది బలమైనది: పల్లె పాస్టర్లలో చాలామంది పేదలు, వారిలో అత్యధికులు దళితులే, ఈ డబ్బు పోతే పొయ్యి ఎలా వెలుగుతుంది? అందుకే ముందు నిధి, తర్వాత తిరస్కారం. మీ సభ్య సంఘాల్లో ఆస్తులూ కళాశాలలూ ఆసుపత్రులూ ఉన్న పెద్ద సంఘాలున్నాయి. చిన్న సంఘాల కాపరులను ఆదుకునే ఉమ్మడి నిధిని అవి మొదలుపెట్టాలి. 1905లో నేషనల్ మిషనరీ సొసైటీని అజరయ్య, ఆయన సహచరులు భారతీయుల డబ్బుతోనే నడపాలని నిశ్చయించారు. వండే బియ్యంలోంచి పిడికెడు తీసి ప్రభువుకు పక్కన పెట్టిన పేద స్త్రీలు మన సంఘాలను నిలబెట్టారు. వాళ్లు మోసిన బరువు సంస్థలకు మోయలేనంత కాదు.

మూడోది, సంఘం రాజకీయాల జోలికే పోకూడదనే మాట. ఆరాధనా స్థలాన్ని పార్టీ పనులకు వాడరాదని 1988 చట్టం చెబుతోంది. మతం పేరుతో ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య, 2017లో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిపరిచింది. ఇవి మంచి నిబంధనలు. వేదిక మీద అభ్యర్థికి ప్రార్థన చేయించి దండ వేయడం మానాలి. కానీ అన్యాయమైన చట్టాన్ని మార్చమనడం ఏ పార్టీకీ ఓటు అడగడం కాదు, పౌరుల పని. నిజానికి ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు: అభ్యర్థికి వేదిక ఇస్తున్నాం, అన్యాయం గురించి మాట మింగుతున్నాం.

కాబట్టి విన్నపం ఇది. ఉమ్మడి నిధికి గడువు పెట్టండి. గడువు ముగిసిన నాడు గౌరవ వేతనం వద్దని ప్రభుత్వానికి రాయండి. రెండు రాష్ట్రాల ప్రతి ఎంపీనీ మూడో పేరాపై ఆయన వైఖరి రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబును, రాకపోతే ఆ సంగతినీ సంఘాలకు తెలియజేయండి. ఎవరికి ఓటెయ్యాలో విశ్వాసులకు చెప్పనక్కర్లేదు. ఆ జవాబులు చదివి వాళ్లే తేల్చుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్వాసి, ఒక ఓటరు