చెఱువుల యతిథులు – మన కర్తవ్యము

మన కావ్యములలో జక్కవలు లేని కొలను లేదు. చక్రవాకముల విరహమును చదివి తలయూచు రసికులు మన యూళ్ళలో నేటికిని గలరు. కాని యా జక్కవలు ఏటేట శీతకాలమున హిమాలయముల కావలి ప్రదేశములనుండి వచ్చి మన తెలంగాణపు జలాశయముల యొడ్డున దిగుచున్నవనియు, నారింజవన్నె మేనులతో జంటలుగా మెలగి, ఎండలు ముదురకమునుపే మరలిపోవుచున్నవనియు నెఱిగినవా రెందఱు? పుస్తకములోని పక్షికై కంట తడిపెట్టి, గట్టుమీది పక్షిని కన్నెత్తి చూడకుండుట చదువుకొన్నవారికి శోభించునా?

ఇందూరు సీమ, అనగా నేటి నిజామాబాదు బోధను ప్రాంతము, నీటిచే పెంపబడిన సీమ. నవాబు అలీ నవాజ్ జంగు బహాదరు గారి యింజనీరు ప్రతిభకు సాక్షియై మంజీరపై నిలిచిన నిజాంసాగరు 1923లో నారంభింపబడి 1931లో ముగిసినది. 2,75,000 ఎకరములకు నీరందింపవలయునన్నది నాటి సంకల్పము. ఆ కాలువనీటిని నమ్ముకొనియే 1937లో బోధనునొద్ద శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. చెఱకు బండ్ల బారులు, పొగగొట్టపు పొగయు నా యూరికి గుర్తులై దశాబ్దములు గడచినవి. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. చెఱకు తోటలు తగ్గి వరిమళ్ళు హెచ్చినవి. అయినను నీరున్నది. జానకంపేటయొద్ద అశోకసాగరము, దానికి సమీపముననే అలీసాగరము, బోధనులో బెల్లాలు చెఱువు, ఇందూరు ఖిల్లాయొద్ద రఘునాథ చెఱువు, ఇవి గాక పల్లెపల్లెకు కుంటలు కలవు. ఉత్తరమున కందకుర్తియొద్ద మంజీర గోదావరిలో గలియుచున్నది. 1963లో పునాది పడిన శ్రీరామసాగరపు వెనుకనీరు పంటచేల యంచులవఱకు వ్యాపించుచున్నది. నీరున్నచోటికి పక్షి వచ్చును.

శీతకాలమున నీ నీటిపై దిగు నతిథులు సామాన్యములు గావు. తలపై రెండు నల్లచారలుగల హంసజాతి పక్షి హిమాలయములను దాటి వచ్చును. దాని దేహమున యంత్రము నమర్చి పరిశోధించిన శాస్త్రజ్ఞులు అది 7 వేల మీటర్లకు పైబడిన యెత్తున నెగురుటను కనుగొనిరి. సూదితోక బాతులు, ఉల్లంకులు ఉత్తర దేశములనుండి వచ్చును. నారాయణపక్షియు, నీటికాకియు, లకుముకియు మన యింటివారే. ఇక నత్తగుల్లకొంగ రైతునకు కూలి యడుగని పనివాడు. వరిమళ్ళలోని నత్తల నేరి తినుటకే దాని ముక్కు అమరియున్నది. తెల్లకొంగలు దున్నుచున్న నాగలి వెంటను, నేడు ట్రాక్టరు వెంటను నడచి పురుగులనేరుట చూడని రైతు లేడు. నీలిబొల్లికోడి నారుమళ్ళను త్రొక్కి పాడుచేయుననుటయు నిజమే. రైతు మొఱ అసత్యము గాదు. కాని యొక్క పక్షి చేసిన నష్టమును లెక్కించువారు పదిపక్షులు చేసిన మేలునుగూడ లెక్కింపవలదా?

ఈ లెక్కకు సైకిలును మించిన సాధనము లేదని మా యభిప్రాయము. ఇందూరునుండి బోధనునకు సుమారు 25 కిలోమీటర్లు. నేల చాలవఱకు సమతలము. కాలువగట్టు బాటలు మోటారు కారునకు చాలవు, సైకిలునకు చాలును. కారు ధ్వని విని బాతుల గుంపు లేచిపోవును; సైకిలుపై పోవు మనుష్యుని కొంగలు పొలమునకుబోవు రైతుగా నెంచి తలయైన నెత్తవు. కావలసినచోట నిలుపవచ్చును, గట్టునకు చేరవేసి గంటసేపు కూర్చుండవచ్చును. తెల్లవారుజామున బయలుదేఱి తూర్పుగట్టు చేరినయెడల సూర్యుడు వెనుకనుండును. నీటిపైనున్న పక్షి రంగులన్నియు స్పష్టముగ దోచును. ఒక దూరదర్శిని, ఒక నోటుపుస్తకము, సలీం అలీ గారు 1941లో ప్రకటించిన భారతపక్షుల గ్రంథము వంటిదొకటి యుండిన జాలును. గూళ్ళ దరికి పోరాదు, రాళ్ళు రువ్వరాదు, కేకలు వేయరాదు. పక్షి పేరు తెలియనిచో గట్టుమీది నీరటిని, వలవేయు బెస్తవానిని అడుగవలెను. వారికి దెలిసినంత మన పట్టణపు పట్టభద్రులకు తెలియదని యొప్పుకొనుటలో సిగ్గేమియు లేదు.

ఇది వినోదమే గదా, దీనికై పత్రికలో నింత వ్రాయనేల యని కొందఱడుగవచ్చును. ఇది వినోదము మాత్రమే యైన మేము కలము పట్టియుండము. 1971 ఫిబ్రవరి 2వ తేదీన ఇరాను దేశమందలి రాంసారు పట్టణమున చిత్తడినేలల రక్షణకై యంతర్జాతీయపు టొడంబడిక జరిగినది. ఆంధ్రదేశపు కొల్లేరు 2002లో ఆ పట్టికకెక్కినది. తెలంగాణమునుండి 2024 నాటికి ఒక్క జలాశయమైనను ఎక్కలేదు. మన దేశమున 2010లో చేయబడిన నియమములు చెఱువులను, మనుష్యనిర్మితములగు జలాశయములను గూడ చిత్తడినేలలుగనే గ్రహించినవి. వానికి బదులుగ 2017లో వచ్చిన నియమములు వ్యవసాయమునకై ప్రత్యేకముగ నిర్మింపబడిన వానిని ఆ నిర్వచనమునుండి తొలగించినవి. దక్కను పీఠభూమిలో ప్రకృతి యిచ్చిన సరస్సు లరుదు. ఇచటి నీరు దాదాపుగ నంతయు మన పూర్వులు కట్టవేసి నిలిపినదే, అదియు సేద్యమునకై నిలిపినదే. కావున ఈ మినహాయింపు కొన్ని చెఱువులకు గాక ఇంచుమించు మన చెఱువులన్నిటికిని దగిలినది. జక్కవ దిగునప్పుడు ఈ కట్ట నెవరు కట్టించిరి, ఏల కట్టించిరి యని విచారింపదు. శాసనము మాత్రము విచారించుచున్నది.

చెఱువు హద్దులను గాపాడుటకు 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ శాసనము మున్నగునవి కలవు. అవి నీటిని జూచును గాని పక్షిని జూడవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము వేటగాని చేతినుండి పక్షిని గాపాడును గాని, అది మేయు నేల పోయినప్పుడు దానికి వేఱొక నేల నీయజాలదు. ఆ మేతనేల యేది? కట్టయొద్ద లోతునీరు గాదు. ఎగువనున్న పలుచని శిఖము. చీలమండలోతు నీటిలోనే ఉల్లంకులు, కొంగలు బ్రదుకుచున్నవి. ఎండిన యేడు అన్యాక్రాంతమగునది మొట్టమొదట నా శిఖమే. 2015లో నారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమమున చెఱువుల పూడిక తీయుట మెచ్చదగిన పనియే. కాని యెచటనైనను పూడిక తీయునప్పుడు అంచులను నిట్టనిలువుగ ద్రవ్వక, కొంత పల్లపుటొడ్డును పక్షులకును పశువులకును విడుచుట కష్టమైన పని గాదు.

శాసనము చూడనిచోట సాక్ష్యము పలుకవలెను. సాక్ష్యమనగా లెక్క. నిజాంసాగరపు కట్ట పూర్తియైన కాలముననే, 1931–32లో, సలీం అలీ గారు హైదరాబాదు రాజ్యమందలి పక్షులను పరిశీలించి, ఆ వివరములను బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించిరి. ఆనాడు వ్రాసిపెట్టినందుననే నేడు పోల్చి చూచుటకు మన కాధారమున్నది. 1980లో హైదరాబాదున పక్షివీక్షకుల సంఘ మేర్పడినది. 1987నుండి ఏటేట జనవరిలో ఆసియా ఖండపు నీటిపక్షుల గణనము జరుగుచున్నది. 2023లో వెలువడిన భారతపక్షుల స్థితి నివేదిక 30 వేలకు పైబడిన సామాన్య వీక్షకుల లెక్కలనుండి పుట్టినది. దీర్ఘకాలపు టొరవడి నిర్ణయింప వీలైన 338 జాతులలో 204 తగ్గినవని యది తేల్చినది. మన చెఱువులకు వచ్చు సూదితోక బాతు తగ్గినవానిలో నొకటి. ఆ నివేదికకు లెక్క లిచ్చినవారిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, గుమాస్తాలు కలరు. వారు చేసినది మనము చేయలేమా?

ఒకనాడు బోధనున ప్రతి చెఱకుబండియు తూకమునకెక్కి పద్దులో వ్రాయబడెడిది. పద్దు లేనిచో రైతునకు సొమ్ము ముట్టదు. అట్లే పద్దు లేని చెఱువునకు న్యాయము దక్కదు. రేపు శిఖములో నిండ్లస్థలములు గీయబడునప్పుడు, "ఇచట నేమియు లేదు, ఇది వట్టి బీడు" అను వాదము తప్పక వినబడును. ఆనాడు పది సంవత్సరముల జనవరి లెక్కలు, తేదీలతో, జాతులతో, సంఖ్యలతో నధికారి యెదుట నుంచగలిగిన గ్రామమునకు బలముండును. ఉంచలేని గ్రామమునకు నిట్టూర్పు మాత్రము మిగులును.

కావున మేము కోరునది స్వల్పము. ఆయకట్టు రైతులు తమ చెఱువు శిఖమును తామే యాక్రమింపకుండుట మొదటి ధర్మము. పాఠశాలకొక యుపాధ్యాయుడు, పదిమంది విద్యార్థులు, వారికున్న సైకిళ్ళు, ప్రతి జనవరిలో నొక యాదివారము ఉదయము: ఇంతకు మించిన సాధనసంపత్తి యక్కఱలేదు. ఆ లెక్క నొక ప్రతి గ్రామపంచాయతిలోను, ఒక ప్రతి పాఠశాలలోను ఉంచవలయును; దేశవ్యాప్తమైన గణనకు నొక ప్రతి పంపవలయును. తెలంగాణ ప్రభుత్వమువారును, కేంద్రమువారును సేద్యపు చెఱువులకు 2017లో కలిగిన మినహాయింపును పునర్విచారించి, పక్షులు చేరు చెఱువులనైనను రక్షణకు దెచ్చుట న్యాయము.

పూర్వులు కట్టిన కట్ట మనకు పంట నిచ్చినది, పట్టణము నిచ్చినది, కొంతకాలము చక్కెరనుగూడ నిచ్చినది. వేలమైళ్ళు దాటి వచ్చు నతిథికి చీలమండలోతు నీరు మిగిల్చుట ఆ కట్ట వారసులమగు మనకు భారము గాదు. రానున్న పుష్యమాసమున ఇందూరు, బోధను యువకులు సైకిళ్ళపై చెఱువుగట్టుల కేగి, మొదటి పద్దు వ్రాయుదురుగాక!