నేల విడవని అడుగు

నడక పందెం చూసి నవ్వనివాళ్లు తక్కువ. నడుము ఊపుకుంటూ, మోచేతులు ఆడించుకుంటూ, ఉరకాలని ఉన్నా ఉరకలేనట్టు పోతున్న మనుషుల్ని టీవీలో చూసి ‘ఇదేం ఆటరా’ అనుకుని చానల్ మార్చినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ నవ్వు తప్పని ఒప్పుకోవడానికే ఈ వారం ఈ జాగా వాడుకుంటున్నాం.

ఆ ఆటకు షరతులు రెండే. ఏదో ఒక పాదం ఎప్పుడూ నేలను అంటుకుని ఉండాలి. ముందుకేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. దారి పొడుగునా న్యాయనిర్ణేతలు నిలబడి చూస్తుంటారు. కొలిచే యంత్రం ఉండదు. వాళ్ల కళ్లే త్రాసు. ముగ్గురు వేర్వేరు న్యాయనిర్ణేతలు తప్పు పట్టారంటే పందెం నుంచి బయటికే. ఎన్నో ఏళ్లు నడిచిన నియమం ఇది. గీత దాటినా దిక్కులేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 20 కిలోమీటర్ల నడకలో మెక్సికో వీరుడు బెర్నార్డో సెగురా అందరికన్నా ముందు గీత దాటాడు. దేశాధ్యక్షుడు ఎర్నెస్టో సెడియో ఫోన్ చేసి అభినందిస్తున్నాడు. ఆ ఫోన్ చెవి దగ్గర ఉండగానే న్యాయనిర్ణేత వచ్చి ఎర్ర కార్డు చూపించాడు. బంగారం పోయింది. దేశాధ్యక్షుడి పలుకుబడి ఆ ఎర్ర కార్డును ఆపలేకపోయింది.

రాజకీయాల్లో ఇట్లాంటి ఎర్ర కార్డు ఉంటే ఎంతమంది మిగులుతారు? ఈ ప్రశ్న మేం ఊరికే అడగడం లేదు. నడక పందెంలో ప్రపంచాన్ని గెలిచి, ఆ తర్వాత రాజకీయాల్లోకి వచ్చిన ఒక మనిషి కథ చెప్పడానికి అడుగుతున్నాం. ఆమె పేరు సారి ఎస్సయా. దేశం ఫిన్లాండ్.

1967 ఫిబ్రవరి 21న హౌకివూరి అనే చిన్న ఊళ్లో ఆమె పుట్టింది. తల్లి ఫిన్లాండ్ మనిషి. తండ్రి మొరాకో నుంచి వచ్చినవాడు. ఆ రోజుల్లో ఫిన్లాండ్‌కు బతకడానికి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఫిన్లాండ్ జనమే పని వెతుక్కుంటూ పక్కనున్న స్వీడన్‌కు వేలకు వేలు వలస పోతున్న కాలమది. అట్లాంటి చోట అరబ్బు ఇంటిపేరుతో, పల్లెలో పుట్టిన పిల్ల పెరగడమంటే ఏమిటో, ‘మీదే ఊరు’ అనే ప్రశ్న ఎదుర్కొన్నవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఫిన్లాండ్‌కు ఆటంటే కాలక్షేపం కాదు. వందల ఏళ్లు స్వీడన్ రాజుల కింద, 1809 నుంచి రష్యా జారు కింద బతికిన నేల అది. 1917 డిసెంబర్ 6న స్వతంత్రం ప్రకటించుకుంది. అంతకు ఐదేళ్ల ముందే, 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో హన్నెస్ కొలెహ్‌మైనెన్ అనే ఫిన్లాండ్ పరుగువీరుడు మూడు బంగారు పతకాలు గెలిచాడు. గెలిచింది ఫిన్లాండ్ బిడ్డ, పైకి లేచింది రష్యా జెండా. అతను పరుగెత్తి ఫిన్లాండ్‌ను ప్రపంచ పటం మీద పెట్టాడని ఆ దేశంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తమ పేరు తాము చెప్పుకునే హక్కు కోసం ఒక జాతి ఎంత ఆకలితో ఉంటుందో ఆ ఒక్క సంగతి చాలు అర్థం కావడానికి. ఆ నేల మీద ఆటగాడికి దక్కే గౌరవం వేరు. ఆ గౌరవాన్ని ఏం చేసుకుంటాడన్నదే అసలు పరీక్ష.

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకు నడక పందెం పెట్టారు, 10 కిలోమీటర్లు. మగవాళ్లు 1908 నుంచే ఒలింపిక్స్‌లో నడుస్తున్నారు. ఆడవాళ్లకు ఆ దారి తెరవడానికి ఇంకో 84 ఏళ్లు పట్టింది. ఆ పందెంలో మొదట గీత దాటిన అలీనా ఇవనోవాను తప్పు నడకకు తీసేశారు. చైనాకు చెందిన చెన్ యుయెలింగ్‌కు బంగారం దక్కింది. మన ఎస్సయా నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగో స్థానం ఎంత చేదో ఆటగాళ్లనే అడగాలి. పతకం లేదు, ఫొటో లేదు, పేపర్లో ఒక్క లైను.

ఆమె ఆగలేదు. మరుసటి ఏడాదే, 1993లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 10 కిలోమీటర్లు 42 నిమిషాల 59 సెకన్లలో నడిచి బంగారం తెచ్చింది. అంటే కిలోమీటరుకు 4 నిమిషాల 18 సెకన్లు. మనలో చాలామందిమి ప్రాణం పెట్టి ఉరికినా అందుకోలేని వేగమది. ఆ వేగంతో మోకాలు వంచకుండా, పాదం నేల విడవకుండా పది కిలోమీటర్లు! మరుసటేడు, 1994లో, యూరప్ పోటీలు సొంత గడ్డ హెల్సింకిలోనే జరిగాయి. అక్కడ ఇంకా వేగంగా, 42 నిమిషాల 37 సెకన్లలో నడిచి సొంత జనం ముందు గెలిచింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మాత్రం పతకం రాలేదు.

ఇంతవరకూ ఇది ఆటల పేజీ కథ. మా పేజీ కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ఆటగాళ్లు రాజకీయాల్లోకి రావడం మనకు కొత్త కాదు. ఆసియా క్రీడల్లో 1998లో రెండు బంగారు పతకాలు గెలిచిన జ్యోతిర్మయి సిక్దర్ 2004లో బెంగాల్‌లోని కృష్ణనగర్ నుంచి లోక్‌సభకు గెలిచారు, 2009లో ఓడారు. మన హైదరాబాద్ క్రికెటర్ అజారుద్దీన్ 2009లో ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ నుంచి ఎంపీ అయ్యారు. వాళ్లను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. ఇక్కడ పార్టీలకు ఒక అలవాటుంది. ఎన్నికలు దగ్గర పడగానే పేరున్న మొహం కోసం వెతుకుతాయి. క్రికెటరైనా సరే, సినిమా హీరో అయినా సరే. కండువా కప్పుతారు, టికెట్ చేతిలో పెడతారు, ఫ్లెక్సీ కడతారు. ఇరవై ఏళ్లు జెండా మోసిన కార్యకర్త అదే ఫ్లెక్సీకి తాడు కడుతుంటాడు.

ఎస్సయా దారి చూడండి. వాసా విశ్వవిద్యాలయంలో వాణిజ్యశాస్త్రం చదువుకున్న ఈమె చేరింది క్రిస్టియన్ డెమొక్రాట్లు అనే చిన్న పార్టీలో. 1958లో పుట్టిన పార్టీ అది. 200 మంది ఉండే ఫిన్లాండ్ పార్లమెంటులో 2015లో, 2019లో, 2023లో ఆ పార్టీకి వచ్చినవి ఐదేసి సీట్లే. ప్రపంచ విజేతను ఏ పెద్ద పార్టీ కాదంటుంది? గద్దె కావాలనుకుంటే ఆ తలుపు తట్టేది. తాను నమ్మిన చోటికే పోయింది. 2003లో ఎంపీగా గెలిచింది. 2007లో పదవి పోయాక ఇంట్లో కూర్చోలేదు. పార్టీ కార్యదర్శిగా పని అందుకుంది. అంటే మీటింగులు పెట్టడం, జిల్లాలు తిరగడం, లెక్కలు చూడడం, అలిగినవాళ్లను బుజ్జగించడం. ఫొటో పడని పని. 2009లో యూరప్ పార్లమెంటుకు ఎన్నికైంది. 2014లో ఆ ఒక్క సీటూ పార్టీ చేజారింది. 2015లో మళ్లీ దేశ పార్లమెంటుకు వచ్చింది. అదే ఏడు ఆగస్టులో పార్టీ అధ్యక్షురాలైంది. 2023 జూన్‌లో నాలుగు పార్టీల కూటమి ప్రభుత్వంలో వ్యవసాయ, అటవీ శాఖ మంత్రి అయింది.

మధ్యలో రెండుసార్లు దేశాధ్యక్ష పదవికి నిలబడింది. 2012లో ఎనిమిది మంది పోటీ చేస్తే ఈమె ఎనిమిదోది. వచ్చిన ఓట్లు 2.5 శాతం. 2024లో అంతకన్నా తక్కువ, 1.5 శాతం దగ్గర. ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచిన మనిషి, సొంత దేశంలో ఆఖరు స్థానంలో నిలబడి కూడా మళ్లీ బరిలోకి దిగడానికి ఎంత గుండె కావాలి! మరి ఆ జనం ఆమెను మరిచిపోయారా? లేదు. పతకానికి చప్పట్లు కొట్టారు. ఓటు దగ్గరికి వచ్చేసరికి ఆమె మాట ఏమిటని చూశారు. చప్పట్లు వేరు, ఓటు వేరు. ఆ తేడా తెలిసిన జనమే జనం. 1906లోనే, యూరప్‌లో అందరికన్నా ముందు, ఆడవాళ్లకు ఓటు హక్కు ఇచ్చి, మరుసటి ఏడే 19 మంది ఆడవాళ్లను చట్టసభకు పంపిన నేల అది. ఓటు విలువ తెలియకుండా ఎట్లుంటుంది?

ఇంత చెప్పాం గనుక మేం ఆమె భజన చేస్తున్నామని అనుకోవద్దు. ఆమె రాజకీయాలతో మాకు పేచీ ఉంది. అది దాచిపెట్టి కథ చెబితే అది సన్మాన పత్రం అవుతుంది. ఒకే లింగం వాళ్ల పెళ్లికి ఫిన్లాండ్ చట్టం దారి ఇస్తే ఆమె పార్టీ వ్యతిరేకించింది. ఎవరి విశ్వాసం వాళ్లది, కానీ ఒకరి మతం ఇంకొకరి ఇంటి గడప దాటి లోపలికి రావడం మేం ఒప్పుకోం. ఆమె మంత్రిగా ఉన్న ప్రభుత్వం సంక్షేమ ఖర్చు కోసింది, సమ్మె హక్కుకు కత్తెర వేయబోయింది. 2024 మార్చిలో కార్మిక సంఘాలు నాలుగు వారాలు రేవులు బంద్ పెట్టాయి. మేం ఆ రేవు కార్మికుల పక్షం.

అన్నిటికన్నా మమ్మల్ని కుదిపిన సంగతి ఇంకోటుంది. అదే ప్రభుత్వం 2024 అక్టోబర్ 1 నుంచి, బయటి నుంచి వచ్చినవాళ్లు పౌరసత్వం కోసం ఆ దేశంలో ఉండాల్సిన గడువును ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్లకు పెంచింది. ఎక్కడో మొరాకో నుంచి ఒక మనిషి వచ్చాడు కాబట్టే ఫిన్లాండ్‌కు ఒక ప్రపంచ విజేత దక్కింది. ఆ విజేత కూర్చున్న మంత్రివర్గమే ఇప్పుడు వచ్చేవాళ్లకు గడప ఎత్తు పెంచింది. కూటమిలో చిన్న పార్టీ ఏం చేయగలదని కొందరంటారు. కావచ్చు. కానీ 5 సీట్లతో మంత్రి పదవి తీసుకున్నప్పుడు ఆ ప్రభుత్వం చేసిన మంచిలో వాటా ఎట్ల వస్తుందో, చెడులోనూ అట్లే వస్తుంది.

మరి ఇంత పేచీ ఉన్న మనిషి కథ ఎందుకు చెబుతున్నట్టు? ఆమెతో పేచీ పడడానికి ఒక మాట ఉంది కాబట్టి. ఆమె ఏం నమ్ముతుందో ఇరవై ఏళ్లుగా అందరికీ తెలుసు. నమ్మినదాని కోసం ఓడింది, పదవి పోగొట్టుకుంది, మళ్లీ నడిచింది. పార్టీ మారలేదు. మన దగ్గర గెలిచిన తెల్లారే కండువా మార్చే పెద్దమనుషులతో పేచీ పడదామంటే దేని మీద పడాలి? నిన్నటి మాట ఇవాళ లేదు, ఇవాళ్టి మాట రేపుండదు. గాలితో కుస్తీ పట్టినట్టుంటుంది.

మన పెద్దలు ఒక మాటంటారు, నేల విడిచి సాము చేయొద్దని. నడక పందెం మొత్తం ఆ ఒక్క మాటే. వేగం ఎంతైనా పెంచుకో, పాదం మాత్రం నేలను విడవొద్దు. రెండు కాళ్లూ గాల్లోకి లేచిన క్షణం నువ్వు నడకగాడివి కావు. పైనుంచి చూస్తే ముందుకే పోతున్నట్టుంటుంది, కానీ ఆ ముందుకు విలువ లేదు.

మన దగ్గర ఓట్ల కోసం నడిచినవాళ్లు తక్కువేం లేరు. వందల కిలోమీటర్లు, వేల కిలోమీటర్లు పాదయాత్రలు చేసినవాళ్లున్నారు. బొబ్బలు చూపించారు, పొలంలో దిగారు, ముసలమ్మ చేతి గంజి తాగారు. ఆ నడక అబద్ధమని మేం అనం. మా ప్రశ్న కుర్చీ ఎక్కిన తర్వాతి అడుగుల గురించి. కాన్వాయ్ ఎక్కినంక పాదం నేలను అంటుకుందా? ఏ ఊరి పేరు చెప్పి కన్నీళ్లు పెట్టుకున్నారో ఆ ఊరికి మళ్లీ పోయారా?

నడక పందెంలో న్యాయనిర్ణేతలు పందెం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూసి పోరు. దారి పొడుగునా నిలబడతారు. మనమేమో ఐదేళ్లకోసారి గీత దగ్గర నిలబడి ఎవరు ముందొచ్చారో చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోతున్నాం. మధ్యలో ఎవరు ఉరికారో, ఎవరు అడ్డదారి తొక్కారో చూసేవాళ్లు లేరు. తప్పు నడిచేవాళ్లది ఎంతో, చూడని మనదీ అంతే.

ఇకనుంచి దారి పక్కన నిలబడదాం. గ్రామసభలో నిలబడదాం, తహసీల్దార్ ఆఫీసు ముందు నిలబడదాం, మనం ఓటేసిన మనిషి ఇంటి ముందు నిలబడదాం. ఎర్ర కార్డు ఎవరో తెచ్చివ్వరు. అది మన జేబులోనే ఉంది.