లాగితే చాలదు, ఆగాలి!

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ పల్లకీ ఇప్పుడు అమెరికాలో, అందులోనూ మన పిల్లలు దండిగా ఉన్న టెక్సాస్‌లో, పికప్ ట్రక్కు అవతారం ఎత్తింది. ముందు మనుషులు కూర్చునే గది, వెనక సామాను వేసుకునే తొట్టి - అదీ పికప్ అంటే. ఫోర్డు వారి ఎఫ్ వరస ట్రక్కులు 1977 నుంచీ ఆ దేశంలో అమ్మకాల్లో మిగతా ట్రక్కులన్నిటికన్నా ముందున్నాయంటే, ఆ బండి మీద అక్కడివాళ్ళకెంత మోజో మీరే ఊహించుకోండి. మోజు పడితే పడ్డారు, నాకేం అభ్యంతరం లేదు. నా తగవల్లా, కొన్న బండిని కొన్నట్టు ఉండనివ్వకుండా ఆరంగుళాలు పైకెత్తించి, రాకాసి టైర్లు తొడిగించి, ఆపైన దాని వెనక ఓ పడవనో, చక్రాల మీది ఇంటినో తగిలించుకుని పెళ్ళాం పిల్లలతో హైవే ఎక్కే మగమహారాజులతోనే.

"మనకెందుకమ్మా ఆ గొడవ?" అంటారేమో. ఆ ఫోటో వచ్చేది మన ఫోనుకే. "అల్లుడుగారి బండి ఎంత ఠీవిగా ఉందో!" అని మురిసిపోయేది మనమే. ఆ బండి వెనక సీట్లో కూర్చునేది మన మనవలే.

వాళ్ళ వాదన ఒక్కటే: "ఇంజనుకు బలముందండీ, కొండనైనా లాగుతుంది." లాగుతుంది, కాదన్నదెవరు? వెనక నుంచి మూడు టన్నుల బరువు తోసుకొస్తూంటే, ముందు పోయే కారు ఉన్నట్టుండి నిలిచిపోతే, ఇది ఆగుతుందా అన్నది నా ప్రశ్న. ఎత్తు మడమల జోళ్ళు వేసుకుని, నిండు బిందె చంకనెత్తుకుని, గబగబా మెట్లు దిగమనండి వాళ్ళని. ఎత్తుకీ నిలకడకీ ఉన్న వైరమేమిటో అప్పుడు బోధపడుతుంది.

ముందు టైర్ల సంగతి చూద్దాం. వేగం చూపించే ముల్లు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుందే గాని, బండి ఎంత దూరం పోయిందో దానికి తెలీదు. పూలమ్మి మూర లాంటిదే అదీను. పొడుగు చేతుల మనిషి కొలిస్తే అవే నాలుగు మూరలకి దండ ఎక్కువొస్తుంది కదా! 32 అంగుళాల టైరు తీసేసి 35 అంగుళాలది వేసి, ఆ లెక్క సరిచేయించకపోతే, ముల్లు 55 చూపిస్తూంటే బండి 60 మైళ్ళ వేగంతో పోతూంటుంది. కాలిఫోర్నియాలో ట్రైలరు లాగే బండి 55 దాటకూడదని చట్టం. ఈ పెద్దమనిషి చట్టం దాటిన సంగతి ఆయనకే తెలీదన్నమాట! పోనీ బ్రేకులైనా పెద్దవా అంటే, అవి పాతవే. కాలితో అంతే గట్టిగా నొక్కినా, చక్రం పెద్దదైనందుకు ఆపే బలం దాదాపు 9 శాతం తగ్గుతుంది. పరుగు పెరిగింది, పట్టు తగ్గింది. ఏం ముచ్చట!

ఇక ఎత్తు సంగతి. మన ఎడ్లబండి తోలేవాళ్ళు ఏ కాలేజీలో చదివారు గనక? బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే కాడి పైకి లేస్తుందనీ, మరీ ముందుకు పేరిస్తే ఎడ్ల మెడలు వంగిపోతాయనీ వాళ్ళకి తెలుసు. ట్రైలరుకీ అదే న్యాయం. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద ఆనాలి. అంతకు తగ్గిందా, ట్రైలరు పాము తోకలా అటూ ఇటూ కొట్టుకుంటుంది. బండి ఎత్తినందుకు ఆరు, టైర్లు పెంచినందుకు ఒకటిన్నర - వెరసి కొక్కెం ఏడున్నర అంగుళాలు పైకి పోయింది. ట్రైలరు ముక్కు ఆకాశానికి, బరువు వెనక్కి. దీనికి మందు లేకపోలేదు. కొక్కేన్ని ఆ మేరకు కిందికి దించే కడ్డీలు అమ్ముతారు. ఆ బరువుకు తగిన కడ్డీ వేయించి, ట్రైలరు నేలకు సమంగా నిలిచేట్టు చూసుకోవాలి.

ఇంకో చిన్న చీటీ ఉంది. డ్రైవరు తలుపు తీస్తే పక్కనే అంటించి ఉంటుంది, మనుషులూ సామానూ కలిసి ఇన్ని పౌన్లకు మించరాదని. 1500 అని ఉందనుకోండి. 6000 పౌన్ల ట్రైలరు కొక్కెం మీద మోపేది ఓ 750. మనుషులు నలుగురూ కలిసి 600. మిగిలిన 150లోంచే ఎత్తు పెట్టిన ఇనుముకీ, టైర్ల అదనపు బరువుకీ లెక్క చెప్పాలి. మరి మీ అమ్మాయి కట్టిన పులిహోర డబ్బా ఎక్కడ పెట్టను? కంపెనీవాడు "ఇంత లాగుతుంది" అని చెప్పిన అంకె, వాడు తయారుచేసిన బండికి. జాకెట్టు విప్పదీసి మళ్ళీ కుట్టించుకున్నాక పాత కొలతలు చెల్లుతాయా?

"ఇన్నేళ్ళుగా లాగుతున్నాం, ఏమీ కాలేదు" అన్నది వాళ్ళ ఆఖరి అస్త్రం. గ్యాసు ట్యూబు చీలినా "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు లెండి" అంటూ వంట చేసే ఇల్లాలిని లోకం ఏమంటుంది? బుద్ధిలేనిదంటుంది. అదే మాట మగవాడు స్టీరింగు పట్టుకుని అంటే ధైర్యమా?

బండి ఎత్తు దించేయమని నేననడం లేదు. బురదల్లో, అడవి దారుల్లో తిరిగేవాళ్ళకు ఆ ఎత్తు అక్కరకొస్తుంది. ఎత్తిన చేత్తోనే మిగతా ఖర్చూ పెట్టమంటున్నాను. పెద్ద టైర్లకు తగ్గట్టు ఇరుసులో గేర్లు మార్పించాలి. ముల్లు సరిచేయించాలి. ట్రైలరుకు సొంత బ్రేకులుండాలి, వాటి మీట డ్రైవరు చేతికందాలి. ట్రైలరు 3000 పౌన్లు దాటితే బ్రేకులుండి తీరాలని చాలా రాష్ట్రాల్లో చట్టమే ఉంది. కొక్కెం కింద గొలుసులు అడ్డంగా ఒకదాని మీదొకటి వేసి బిగించాలి. బయల్దేరేముందు లారీలు తూచే కాటా మీద నిలబెట్టి తూయించాలి. ట్రైలరు ఊగడం మొదలెడితే గాభరాపడి ట్రక్కు బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, ఆ మీటతో ట్రైలరు బ్రేకులు మాత్రం మెల్లగా పట్టించాలి.

ముందు భాగం పైకెత్తి వెనక కుదేసే ఫ్యాషను ఒకటి ముదిరితే నార్త్ కరోలినా 2021లో, వర్జీనియా 2022లో, సౌత్ కరోలినా 2023లో దాన్ని నిషేధించాయి. ప్రతి షోకుకీ చట్టం వచ్చేదాకా కూర్చుంటామా? అమ్మమ్మల మాట చట్టంకన్నా ముందే చేరుతుంది. ఈసారి ఆ ఫోటో వచ్చినప్పుడు "అబ్బ, ఎంత బావుందో" అనకండి. "ట్రైలరుకు బ్రేకులున్నాయా నాయనా? తూయించావా? ముల్లు సరిచేయించావా?" అని అడగండి. అల్లుడు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. అమ్మాయినీ అడగమనండి, ఆ పక్క సీట్లో కూర్చునేది తనే కదా.