ఖరగ్‌పూర్ టీటీఈ నుంచి భారత కెప్టెన్ దాకా: క్రీడా కోటా ఎంతవరకు తోడొస్తుంది?

ఖరగ్‌పూర్: పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టు 1న షూటర్ స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలవగానే మహేంద్రసింగ్ ధోనీ పేరు మళ్లీ వినిపించింది. ఇద్దరూ రైల్వే టికెట్ తనిఖీ ఉద్యోగులుగా పనిచేసినవారే. అయితే కుసాలే సెంట్రల్ రైల్వే కొలువులో ఉంటూనే పతకం సాధించగా, ధోనీ ఖరగ్‌పూర్‌ను వదిలాకే భారత జట్టులోకి వచ్చాడు. క్రీడా కోటా ఉద్యోగాల బలం, పరిమితి రెండూ ఈ తేడాలో కనిపిస్తాయి.

జీతం ఎవరిస్తారు?

ఇంగ్లండ్‌లో వికెట్‌కీపర్‌కు కౌంటీ క్లబ్బే ఒప్పందంపై జీతమిస్తుంది. భారత్‌లో దశాబ్దాల పాటు ఆ భారాన్ని రైల్వేలు, బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు మోశాయి. 1999-2000 సీజన్‌లోనే బిహార్ తరఫున రంజీ ఆడిన ధోనీ, 2001లో ఆగ్నేయ రైల్వేలో టీటీఈగా చేరి ఖరగ్‌పూర్‌కు వచ్చాడు. రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఈ పట్టణంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ కొలువు విలువ బాగా తెలుసు. ఇరవై రెండేళ్ల ప్రాయంలో దాన్ని కాదనుకోవడం చిన్న నిర్ణయం కాదు.

మలుపు తిప్పిన అన్వేషణ

సాహసం ఒక్కటే ధోనీని గట్టెక్కించలేదు. చిన్న పట్టణాల ఆటగాళ్ల కోసం బీసీసీఐ 2002లో మొదలుపెట్టిన ప్రతిభాన్వేషణ విభాగం 2003లో జంషెడ్‌పూర్‌లో అతడిని గుర్తించింది. 2004లో భారత్-ఎ జట్టులో చోటు, అదే ఏడాది డిసెంబరులో వన్డే అరంగేట్రం దక్కాయి. 2005 ఏప్రిల్ 5న, ఖరగ్‌పూర్ మీదుగా సాగే హావ్‌డా-చెన్నై రైలు మార్గంలోని విశాఖపట్నంలో, పాకిస్థాన్‌పై 123 బంతుల్లో 148 పరుగులు చేశాడు. అది అతడికి ఐదో వన్డే మాత్రమే.

ఒక్కటే స్థానం

ఇప్పుడు పరిస్థితి మారింది. 2021లో సవరించిన రుసుముల ప్రకారం 40కి పైగా మ్యాచ్‌లు ఆడిన సీనియర్ రంజీ ఆటగాడికి రోజుకు రూ.60 వేలు అందుతాయి. కానీ ఆ సొమ్ము రాష్ట్ర జట్టులోకి వచ్చినవారికే. పైగా సాధారణంగా ప్రతి జట్టులో వికెట్‌కీపర్ స్థానం ఒక్కటే. 2015లో రంజీ ట్రోఫీలో 308 పరుగులు చేసిన ఆంధ్ర కీపర్ కె.ఎస్.భరత్ టెస్టు అరంగేట్రానికి 2023 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది.

ఇలాంటి నిరీక్షణలో కుటుంబాన్ని నిలబెట్టేది నెల జీతమే. అందువల్ల క్రీడా కోటా అవసరం తీరిపోలేదు. నియామకంతో పాటు సాధనకు సమయం, సెలవులు, సెలక్టర్ల ముందు ఆడే అవకాశం కల్పిస్తేనే ఉద్యోగమా, ఆటా అన్న సందిగ్ధం క్రీడాకారుడికి తప్పుతుంది.