ఇంజనీరింగ్ సీటు రాకపోతేనే సైన్సా?

ఢిల్లీ హౌజ్ ఖాస్‌లో ఐఐటీ ఉంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉంది. రాజధానిలోని చాలా తెలుగు కుటుంబాలు పిల్లల్ని ఐఐటీ కోసం కోచింగ్‌కు పంపుతాయి. ర్యాంకు రాకపోతేనే వారికి బీఎస్సీ గుర్తుకొస్తుంది. సైన్సును ఇలా మిగులు చదువుగా చూడడం సరికాదు.

ఈ రెండు చదువుల తేడాకు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల మంచి ఉదాహరణ. దేశ ప్రామాణిక సమయాన్ని నిర్వహించేది ఆ సంస్థే. సీజియం పరమాణువుకు చెందిన ఒక వికిరణం 9,19,26,31,770 సార్లు కంపించే కాలమే సెకను. పరమాణువు అంత కచ్చితంగా ఎందుకు ప్రవర్తిస్తుందని అడిగేది సైన్సు. దానితో ఆగకుండా నడిచే గడియారాన్ని తయారుచేసేది ఇంజనీరింగ్. వీటిలో ఏ పని మీద మనసు నిలుస్తుందో విద్యార్థి తేల్చుకోవాలి.

సైన్సులో స్థిరపడడానికి ఎక్కువ కాలం పడుతుందన్న భయం నిజమే. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి దాదాపు పదేళ్లు పడుతుంది. ఇంజనీరుకు నాలుగేళ్లకే ఉద్యోగం దొరకవచ్చు. సైన్సు విద్యార్థులను డిగ్రీ నుంచే ఆదుకోవడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2008లో ఇన్‌స్పైర్ పథకాన్ని ప్రారంభించింది. దాని గురించి ఎన్ని ఇళ్లలో తెలుసు?

దారి మార్చుకోవడమూ సాధ్యమే. 1933లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న పాల్ డిరాక్ మొదట చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే. అయినా కోచింగ్ ఫీజు కట్టేముందే పిల్లల ఇష్టమేమిటో అడగడం మేలు.