గేమ్ అంటే రమ్మీ కాదు సార్

చిక్కడపల్లిలో ఉంటూ సాహిత్య సభల్ని తప్పించుకోవడం కష్టం. సాయంత్రం ఆరైతే చాలు, త్యాగరాయ గానసభ దగ్గర శాలువాల కవర్ పట్టుకుని ఎవరో ఒకరు తెలిసినవాళ్లు ఎదురవుతారు. నేనూ వెళ్తాను. పుస్తకాన్ని వేదిక మీదే మొదటిసారి తెరిచే వక్తల్ని కూడా ఓపిగ్గా వింటాను. వాళ్ల మీద నాకేం కోపం లేదు. నా కోపం వేరే.

పోయినేడు అశోక్‌నగర్‌లో ఒక పెంట్‌హౌస్ గదిలో ఒక గేమ్ ఆడాను. చేసింది ముగ్గురు. ఒకడు గ్రూప్-2కి చదువుతున్నాడు, కనీసం ఇంట్లో అలాగే చెప్పాడు. ఇంకొకడు నారాయణగూడలో ఇంజనీరింగ్. బొమ్మలన్నీ వేసింది ఒకమ్మాయి. గేమ్‌లో తుపాకుల్లేవు. గేటు తెరవగానే పరిగెత్తి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకోవాలి. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం లైన్లో నిలబడాలి, ఈలోపు కుర్చీ పోకుండా చూసుకోవాలి. రాత్రి నాన్న ఫోన్ చేస్తాడు. "నోటిఫికేషన్ ఎప్పుడంట?" తెర మీద మూడు జవాబులొస్తాయి. మూడూ అబద్ధాలే. ఏది నొక్కినా ఆయన "సరే బిడ్డా, తిన్నవా?" అంటాడు.

ఇదే కథగా చదివుంటే ఆ కుర్రాడు అబద్ధం చెప్పాడని బాధపడేవాణ్ణి. ఇక్కడ చెప్పింది నేను. నా బొటనవేలు. రెండోసారి ఫోన్ మోగినప్పుడు ఎత్తాలనిపించలేదు.

(గేమ్ గొప్పదేం కాదు. సగం దాటాక సాగుతుంది, సంగీతం దరిద్రం. ఈ మాట వాళ్లకీ చెప్పాను.)

దీన్ని నలుగురికీ చూపిద్దామని ఒక హాలు వాళ్లని అడిగాం. పేరెందుకులే. "గేమింగా? రమ్మీ లాంటివి మా దగ్గర ఒద్దు బాబూ" అన్నాడు పెద్దాయన. ఆయన్నేం అనగలం? ఆన్‌లైన్ రమ్మీని 2017లో తెలంగాణ నిషేధించినప్పుడు, డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటి మీదా 2025లో కేంద్రం చట్టం తెచ్చినప్పుడు మన పేపర్లు వాడిన మాట గేమింగే. పేకాటకీ, ఒక పిల్ల ఏడాది కూర్చుని గీసిన లైబ్రరీ కుర్చీకీ ఒకటే పేరు పెట్టేశాం.

ప్రభుత్వానికి తేడా తెలుసు. 2016లోనే ఇమేజ్ పాలసీ అంది, రాయదుర్గంలో టవర్ అంది. 2023, 2024ల్లో దేశంలోని గేమ్ డెవలపర్ల పెద్ద సదస్సు మన హెచ్ఐసీసీలోనే జరిగింది. మంచిదే. కానీ ఆ లెక్కలన్నీ పెట్టుబడులవీ, ఉద్యోగాలవీ. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారి రాయదుర్గం వెళ్లేవాడికి అక్కడ దొరికేది ఉద్యోగం. తను చేసిన గేమ్ ఎలా ఉందో చెప్పే మనిషి కాదు.

ఆ మనిషి ఉండాల్సింది ఇటువైపు. మన సభల్లో, మన వెబ్ పత్రికల్లో. హైదరాబాద్ వాళ్లే, ఓగ్రెహెడ్ స్టూడియో, 2017లో 'అసుర' అనే గేమ్ స్టీమ్‌లో పెట్టారు. అసురుడి వైపు నుంచి పురాణాన్ని తిరగరాసే కవితలకి మన దగ్గర ఎన్ని పేజీల విమర్శ ఉంది! ఈ అసురుడి మీద తెలుగులో నేను ఒక్క పేజీ చదవలేదు. టొరంటోలో ఒక చిన్న బృందం 2023లో 'వెణ్బా' చేసింది. కెనడా వెళ్లిన తమిళ తల్లి, చిరిగిపోయిన అమ్మ వంటల పుస్తకం, ఇంటి భాష మీద మొహమాటపడే కొడుకు. మరుసటేడు బాఫ్టా ఇచ్చారు. డయాస్పోరా కథల మీద ఎంతెంత వ్యాసాలు రాస్తామో మనం. వాటిలో ఒక్కదాంట్లో ఈ పేరు చూశారా మీరు?

"ఆటలు సాహిత్యం ఎట్లా అవుతాయండీ" అంటారు. అష్టావధానం ఏంటి మరి? నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్నీ అడ్డుకుంటుంటే అవధాని పక్కదారిలో పద్యాన్ని లాక్కెళ్తాడు. నియమాలున్నాయి, ఎత్తుకి పైఎత్తు ఉంది, ఓడిపోయే ప్రమాదముంది, చూసేవాళ్లున్నారు. దానికి చప్పట్లు కొట్టిన చేతులే కీబోర్డ్ చూడగానే ముడుచుకుంటాయెందుకు?

ఇక భాష సంగతి. ఈ పిల్లలు మొదట యూనిటీలో మొదలెట్టారు. అందులో మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోకి మన ఒత్తులు తెలియవు. 'స్త్రీ' అని కొడితే సకి పొల్లు, తకి పొల్లు, పక్కన రీ, ఇలా ముక్కలై పడుతుంది. ప్రతి డైలాగునీ బొమ్మగా అతికించారు కొన్నాళ్లు. ఒక అక్షరం తప్పు పడితే మళ్లీ బొమ్మ. చివరికి అన్నీ మోసుకుని గోడో 4కి మారారు. బెకెట్ నాటకం పేరు పెట్టుకున్న ఇంజిన్ అది. దానికి ఒత్తులొచ్చు. ఇంతా చేస్తే తెర మీద చక్కగా కనబడిన మొదటి వాక్యం ఏంటో తెలుసా? నాన్న కొడుకుని "మీరు ఎలా ఉన్నారు?" అనడం. అనువాద యంత్రం దయ. కోడ్ రాసేవాళ్లున్నారు, బొమ్మలేసేవాళ్లున్నారు. నాన్న ఎట్లా మాట్లాడతాడో తెలిసినవాళ్లు కిలోమీటర్ దూరంలో శాలువాలు కప్పుకుంటున్నారు. "తిన్నవా?" అనేది ఆ తర్వాత నేను రాసిచ్చిందే, ఒప్పుకుంటున్నా.

నేనడిగేది విరాళం కాదు. నెలకో ఆదివారం ఒక హాలు, నాలుగు లాప్‌టాప్‌లు, ఒక ప్రొజెక్టర్. మాట్లాడేవాళ్లు ముందు ఆడి రావాలి, పుస్తకానికి చేసినట్టు చేస్తే కుదరదు. పత్రికల్లో సమీక్ష. మెచ్చుకోలు అక్కర్లేదు, వాటికి స్నేహితులున్నారు. సగం దాటాక ఎందుకు సాగుతుందో చెప్పే విమర్శ కావాలి.

ఇంజనీరింగ్ కుర్రాడికి ప్లేస్‌మెంట్ వచ్చింది, జూన్‌లో గది ఖాళీ చేస్తాడట. అప్పటికి గేమ్ అవ్వకపోతే ఇంక అవ్వదు. చివరి ఫోన్ కాల్ మిగిలింది. ఈసారి చేసేది అమ్మ. ఆమె ఏమంటుందో నాకు తట్టలేదు, నలుగురు కథకుల్ని అడిగాను. ఒకావిడ శనివారం వస్తానంది.